గంప అల్లిన చేతికి పేరుంది

పోయిన వేసవిలో, రసాలు కోతకొచ్చిన రోజుల్లో, నూజివీడు పక్కన ఉన్న మా పేటకు కారులో ఇద్దరు వచ్చారు. పట్నంలో గిరిజన కళల ప్రదర్శన పెడుతున్నారట, ఎరుకల ఆడవాళ్ళు అల్లే మామిడి గంపలు కావాలట. మాకు సంబరమే అయింది. మేమే దగ్గరుండి మా పిన్ని ఇంటికి తీసుకెళ్ళాం. పిన్ని నాలుగు గంపలు తెచ్చి ముందు పెట్టింది. రెండు ఈత మండలతో అల్లినవి. రెండు ప్లాస్టిక్ పట్టీలతో అల్లినవి. అట్టపెట్టెల చుట్టూ బిగించి వస్తాయే, ఆ పట్టీలు. ఈత మండల కోసం ఇప్పుడు ఎంత దూరం పోవాలో, తోటల వాళ్ళు ఎట్లా కసురుకుంటారో పిన్నికి తెలుసు. అందుకని పట్టీలతో అల్లడం నేర్చుకుంది. నీలం, పసుపు కలిపి అల్లితే చూడముచ్చటగా ఉంటుంది.

వచ్చినాయన ప్లాస్టిక్ గంపలను కాలితో కాస్త పక్కకు జరిపాడు. ‘ఇవి ట్రైబల్ కాదండీ’ అన్నాడు. తర్వాత ఫొటో తీస్తామని, నైలాన్ చీర మార్చుకుని పాత నూలు చీర ఏదైనా కట్టుకోమని, చేతిలో ఫోను లోపల పెట్టి రమ్మని పిన్నికి చెప్పారు. పిన్ని నవ్వి, ‘మా అమ్మ చీర ఆమెతోనే కాల్చేశాం అయ్యా, ఇప్పుడెక్కడ తెచ్చేది’ అంది.

రెండు నెలలకు ప్రదర్శన చూడ్డానికి మేము బస్సెక్కి వెళ్ళాం. తెల్లటి గోడ, పైనుంచి పడే పసుపు వెలుతురు, నడుమ పిన్ని గంప. కింద అట్టముక్క మీద రాసి ఉంది: ఎరుకల గంప, ఈత, కళాకారుల పేరు తెలియదు.

పిన్ని ఇంట్లో టీ తాగి, ఆమె మంచం మీద కూర్చుని, ఆమె చేతికి డబ్బిచ్చి తీసుకెళ్ళిన గంప అది. పేరు తెలియదట! మా పేటలో ఏ గంపనైనా బోర్లించి చూపించండి, అంచు కట్టిన తీరు చూసి ఎవరు అల్లారో చెబుతాం. ఒకరిది బిగువు, ఒకరిది వదులు. ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళ అల్లిక ఇట్టే తెలిసిపోతుంది. మా కళకు పేర్లు లేకపోవడమనేది ఎన్నడూ లేదు. పేరు తీసేసే పని ఆ గోడ దగ్గర జరుగుతోంది.

ప్రభుత్వం మా పేర్లు ఒకప్పుడు ఎంత శ్రద్ధగా రాసుకుందో చెబుతాం. 1911 నేరస్థ తెగల చట్టం కింద మా తాతల పేర్లన్నీ రిజిస్టర్లకెక్కాయి. వేలిముద్రలతో సహా. ఆ చట్టం రద్దయ్యేదాకా పేటలో ఎవరున్నారు, ఎవరు లేరు అని హాజరు తీసుకున్నారు. దొంగ అని రాయాల్సి వచ్చినప్పుడు ఒక్క పేరు తప్పిపోలేదు. కళాకారిణి అని రాయాల్సి వచ్చేసరికి తెలియదు!

ఈ కోపంలో ఉన్నప్పుడే మా టీచర్లలో ఒకరికి హైదరాబాదులో ఒక లావుపాటి పుస్తకం దొరికింది. 2013లో న్యూయార్క్‌లో ఏషియా సొసైటీ వాళ్ళు పెట్టిన ‘ఇరాన్ మోడరన్’ అనే ప్రదర్శన మీది పుస్తకం. 1979 విప్లవానికి ముందు మూడు దశాబ్దాల ఇరాన్ బొమ్మలు, శిల్పాలు అందులో ఉన్నాయి. మాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. నలుగురం కూర్చుని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాం. ఆ తర్వాత దొరికినవన్నీ చదివాం. మామిడి తోటల్లో పిల్లలకు ఎక్కాలు చెప్పుకునేవాళ్ళకు ఇరాన్‌తో ఏం పని అని నవ్వకండి. పాత కృష్ణా జిల్లా వాళ్ళకు ఇరాన్ పరాయి ఊరేం కాదు. మచిలీపట్నం రేవు నుంచి అద్దకం బట్టలు ఆ దేశానికి పోయేవి. పెడనలో ఇవాళ్టికీ అద్దుతున్న కలంకారీకి ఆ పేరే పారశీకం నుంచి వచ్చింది. కలం వాళ్ళది, చెయ్యి మనది.

ఆ పుస్తకంలో మమ్మల్ని పట్టుకున్నది సఖ్ఖాఖానా అనే ఉద్యమం. సఖ్ఖాఖానా అంటే మన చలివేంద్రం లాంటిది. కర్బలాలో దప్పికతో చనిపోయిన వాళ్ళ పేరున వీధుల్లో కట్టిన నీళ్ళ గూడు. జనం మొక్కుకుని దాని కటకటాలకు తాళంకప్పలు వేలాడదీస్తారు, గుడ్డపీలికలు కడతారు. మన ఊళ్ళలో పీర్ల చావిడి ఎరిగినవాళ్ళకు ఇది కొత్తగా ఉండదు. 1960ల మొదట్లో పర్వీజ్ తనావొలీ, హుసేన్ జెందెరూదీ అనే యువకులు ఈ తాళాలను, తాయెత్తులను, దర్గాల దగ్గర అమ్మే చవకబారు అచ్చు బొమ్మలను తీసుకుని శిల్పాలు, చిత్రాలు చేశారు. కరీం ఇమామీ అనే విమర్శకుడు దానికి ఆ పేరు పెట్టాడు. పడమటి దేశాల వాళ్ళను కాపీ కొట్టకుండా మన వీధిలోంచే ఆధునిక కళ తీద్దాం అన్నది వాళ్ళ ఆలోచన. గొప్ప ఆలోచనే, కాదనం. 2008లో దుబాయ్ వేలంలో తనావొలీ చేసిన ఒక కంచు శిల్పం 28 లక్షల డాలర్లకు పైగా పలికింది.

మా ప్రశ్న వేరు. ఆ తాళంకప్ప చేసిన కమ్మరి పేరేమిటి? ఆ తాయెత్తు రాసిన ముసలాయన ఎవరు? పుస్తకమంతా వెతికాం, కనపడలేదు. ‘జాతి సంప్రదాయం’ అన్న మాట మాత్రం చాలాసార్లు కనపడింది. బీదవాడి మొక్కుబడి వస్తువు జాతి సంప్రదాయమవుతుంది, దాన్ని ఎత్తుకున్న చదువుకున్నవాడు కళాకారుడవుతాడు. టెహరాన్‌లో జరిగినా హైదరాబాదులో జరిగినా సంగతి ఒకటే.

అదే కాలంలో మార్కోస్ గ్రిగోరియన్ అనే చిత్రకారుడు మట్టి, గడ్డి కలిపి పలకలకు మెత్తి వాటినే చిత్రాలుగా వేలాడదీశాడు. మా గుడిసెల గోడలు అంతే కదా! అతను చేస్తే అది ఆధునిక కళ. మా పిన్ని ప్లాస్టిక్ పట్టీ పట్టుకుంటే మాత్రం అది ట్రైబల్ కాదు. చదువుకున్నవాడు మట్టిలోకి దిగవచ్చు, మేము మాత్రం మట్టిలోంచి బయటికి రాకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో మాకు చెప్పాలి. అయితే గ్రిగోరియన్ విషయంలో ఒక మాట ఒప్పుకోవాలి. కాఫీ దుకాణాల్లో కథలు చెప్పేవాళ్ళ కోసం బొమ్మలు గీసిన చదువులేని చిత్రకారులను వెతికి, వాళ్ళ పనిని లోకానికి చూపించడానికి అతను పాటుపడ్డాడు. హుసేన్ ఖుల్లర్ అఘాసీ, ముహమ్మద్ ముదబ్బిర్. ఇవాళ ఇరాన్ కళ గురించి రాసేవాళ్ళు ఈ ఇద్దరి పేర్లూ రాయక తప్పదు. అంటే రాయాలనుకుంటే రాయవచ్చన్నమాట.

ఇరాన్‌లో గుడ్డ మీది బొమ్మలను వేలాడదీసి, కర్రతో చూపిస్తూ కథ చెప్పేవాళ్ళున్నారు. మన కోయ డోలీలు పడిగె పట్టుకుని వీరుల చరిత్ర చెప్పడం దానికి తోబుట్టువు. డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. సంతోషించాం. కానీ పడిగెను అద్దాల పెట్టెలో పెట్టి, పక్కన డోలీ లేకుండా, పాట లేకుండా చూపిస్తే అది ఉత్త గుడ్డ. సవరలు గోడల మీద వేసే బొమ్మలూ అంతే. ఇంట్లో జబ్బు చేసినప్పుడు, పెద్దలను తలుచుకునేటప్పుడు వేసేవి అవి. కాన్వాసు మీద వేయించి ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. వేసుకోనివ్వండి, నాలుగు డబ్బులు వస్తే మంచిదే. ఆ బొమ్మ ఎవరి కోసం, ఎందుకు వేస్తారో చెప్పే మనిషిని మాత్రం పక్కన కూర్చోబెట్టండి.

ఇరాన్ వాళ్ళ దగ్గర మాకు నచ్చినది మరొకటుంది. తమ మీద తామే విరుచుకుపడతారు. షీరీన్ నెషాత్ అనే ఆమె అమెరికాలో ఉంటూ 1990లలో ‘విమెన్ ఆఫ్ అల్లా’ అని ఫొటోలు చేసింది. చాదర్ కప్పుకున్న ఆడమనిషి, చేతిలో తుపాకి, మొహం మీద పారశీక అక్షరాలు. ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత ఇరాన్ అంటే చాదరు, తుపాకి, అందమైన అక్షరాలు అయి కూర్చుంది. పడమటి గ్యాలరీలకు అదే కావాలి కాబట్టి అవే చేసే దుకాణాలు లేచాయి. బర్బద్ గోల్షిరీ అనే ఇరాన్ కళాకారుడు 2009లో ఈ ధోరణిని చీల్చి చెండాడుతూ వ్యాసం రాశాడు. బయటివాడు ఎట్లా చూడాలనుకుంటే అట్లా తయారైపోవడం మీద వాళ్ళ కోపం.

మాకు ఆ చాదరు కథ చదువుతుంటే నెత్తిన ఈకలు గుర్తొచ్చాయి. టీచరు ట్రైనింగు రోజుల్లో ఒక సభకు మమ్మల్ని ‘గిరిజన నృత్యం’ చేయమన్నారు. ఎరుకల వాళ్ళకు సోది ఉంది, గంప ఉంది, పందుల పెంపకం ఉంది, ఈకలు పెట్టుకుని గెంతడం మాకెన్నడూ లేదు. అయినా అట్టతో కిరీటాలు చేసి, కోడి ఈకలు అంటించి, మొహాలకు మసి పూసి ఎక్కించారు. మేమూ ఎక్కాం. ఎక్కి చప్పట్లు కొట్టించుకున్నాం. ఆ సంగతి దాచుకోం. ఆగస్టు 9 వస్తే ఇప్పటికీ మావాళ్ళు కొందరు అద్దె దుస్తులేసుకుని వేదికలెక్కుతున్నారు. వాళ్ళను అనేముందు మమ్మల్ని మేము అనుకోవాలి.

ప్రదర్శనలు లేకపోతే మీ కళ చచ్చిపోతుంది కదా అని అడిగే మంచివాళ్ళున్నారు. నిజమే, గంప చచ్చిపోతోంది. కానీ గ్యాలరీ లేక కాదు. నున్న మార్కెట్‌కు కాయ ఇప్పుడు ప్లాస్టిక్ ట్రేలలో పోతోంది కాబట్టి, ఈత చెట్టు దగ్గరికి మమ్మల్ని రానివ్వరు కాబట్టి. దాని గురించి ఏ ప్రదర్శనలోనైనా అట్టముక్క మీద ఒక్క వాక్యం రాశారా?

ప్రదర్శన ఎంత దూరం తీసుకెళ్తుందో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ కథ చెబుతుంది. పాటన్‌గఢ్ గోండు పల్లెలో గోడల మీద బొమ్మలు వేసుకునే కుర్రవాణ్ణి 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్‌కు తెచ్చారు. 1989లో పారిస్‌లో పెద్ద ప్రదర్శనలో ఆయన బొమ్మలు పెట్టారు. 2001లో జపాన్‌లో మిథిలా మ్యూజియంలో బొమ్మలు వేయడానికి వెళ్ళి, నలభై ఏళ్ళ దరిదాపుల్లో అక్కడే ప్రాణం తీసుకున్నాడు. ఆయన శైలిని ఇవాళ జన్‌గఢ్ కలమ్ అంటారు. పేరు దక్కింది. మనిషి ఇంటికి రాలేదు. కళాకారుడు ఎన్నాళ్ళు ఉండాలి, ఎంత ఇస్తారు, ఇంటికి పోవాలనిపిస్తే ఏం చేయాలి అన్నవి కాగితం మీద ఉండాలని మేము పట్టుబట్టేది ఇందుకే.

అందరూ ఒకటే అనం. జయధీర్ తిరుమలరావు గారిలాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి, ఆదివాసీల వాద్యాలు, వస్తువులు సేకరించి హైదరాబాదులో ‘ఆద్యకళ’ పేరుతో చూపించారు. ఆ శ్రమకు దణ్ణం. కానీ ఏం చూపించాలో, ఏ మాట రాయాలో తేల్చే బల్ల చుట్టూ మా వాళ్ళు ఎంతమంది కూర్చుంటున్నారన్నది ఇంకా అడగాల్సిన ప్రశ్నే.

ఈ ఏడు మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి మా బడి పిల్లలతో అట్టముక్క మేమే రాయించాం. పిన్ని పేరు ఇంటిపేరుతో సహా, ఊరు, అల్లిన నెల, పట్టిన రోజులు, ధర. కింద కుర్రు మాటను తెలుగు అక్షరాల్లో రాశారు పిల్లలు. ఆ మాట సరిగ్గా ఎట్లా రాయాలో వాళ్ళలో వాళ్ళకే ఒక పూట కొట్లాట అయింది. పిన్ని మాత్రం ఒక్కటే షరతు పెట్టింది, నీలం పసుపు గంప కూడా పక్కన పెట్టాలని. పెద్దవాళ్ళను కనుక్కుని చెబుతామన్నారు. కాయ కోతలు అయిపోయాయి. ఫోను ఇంకా రాలేదు. గంపలు రెండూ పిన్ని ఇంట్లోనే ఉన్నాయి, ఒకదాన్లో కోడి పొదుగుతోంది.