నాచుకు ధర కాటా మీదేనా?

సముద్రపు నాచు సాగు గురించి ఎవరు మాట్లాడినా టన్నుల్లోనే మాట్లాడతారు. ఎన్ని తెప్పలు, ఎన్ని తాళ్లు, ఎంత దిగుబడి. నాచు నుంచి క్యారజీనన్ అనే గడ్డకట్టే పదార్థాన్ని తీసే కర్మాగారం ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు ఆ లెక్క వింటే చిరాకు. సరుకు దిగగానే మేం కొంచెం తీసి సారం లాగేవాళ్లం. ఒకటిన్నర శాతం ద్రావణం కాచి, కాస్త పొటాషియం క్లోరైడ్ కలిపి, రాత్రంతా గడ్డకట్టనిచ్చి, సన్నటి కడ్డీతో నొక్కేవాళ్లం. ఎన్ని గ్రాముల బరువుకు పగిలిందన్నదే ఆ సరుకు జాతకం.

ఆ జాతకం రాసేది అణువే. క్యారజీనన్ అంటే గెలాక్టోజ్ చక్కెరల పొడవాటి గొలుసు. వేడినీళ్లలో గొలుసులు విడివిడిగా ఉంటాయి. చల్లారేకొద్దీ రెండేసి కలిసి కొబ్బరితాడు పేనినట్టు పెనవేసుకుంటాయి. అవి ఒకదాని పక్కన ఒకటి చేరి వల కడితే నీళ్లు అందులో చిక్కుతాయి. ఎవరూ అల్లక్కర్లేదు. అయితే గొలుసు మీద రుణావేశమున్న సల్ఫేట్లు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి కథ మారుతుంది. ప్రతి రెండు చక్కెరలకు ఒకటి ఉంటే కప్పా రకం. పొటాషియం తగిలితే గట్టిగా, పెళుసుగా బిగుస్తుంది. రెండుంటే అయోటా, కాల్షియంతో మెత్తగా సాగుతుంది, కదిపితే జారి మళ్లీ నిలబడుతుంది. టూత్‌పేస్టుకు కావలసింది ఆ గుణమే. మూడు దాకా ఉంటే లాంబ్డా. చిక్కబడుతుందే తప్ప గడ్డకట్టదు.

తమిళనాడులోని రామనాథపురం తీరంలో ఆడవాళ్లు తెప్పల మీద పెంచే కప్పాఫైకస్ నాచులో ఉండేది కప్పా రకమే. కానీ లేత మొక్కలో 'మ్యూ' అనే పూర్తికాని గొలుసు ఎక్కువ. అదనపు సల్ఫేట్ ఉన్నచోటల్లా గొలుసు వంకర తిరుగుతుంది, పెనవేత అక్కడితో తెగుతుంది. ముదిరేకొద్దీ మొక్కే ఆ వంకరలు దిద్దుకుంటుంది. మిగిలినవాటిని ఫ్యాక్టరీలో క్షారంలో ఉడికించి దిద్దాలి. ఆ నీళ్లూ ఆవిరీ క్షారమూ అన్నీ ఖర్చే.

45 రోజులు ఆగి కోసిన నాచుకూ, ఇంట్లో డబ్బు అవసరమై ముందే కోసినదానికీ కిలో రేటు ఒకటే అయితే ఎవరు ఆగుతారు? కాటాయే కొలమానమైతే ఇసుకా తేమా కూడా లాభసాటే. ఆరబెట్టినప్పుడు వానకు తడిసి సారం కారిపోయిన సరుకూ అదే కాటా ఎక్కుతుంది. వ్యాపారి నష్టపోడు లెండి, ముందే అందరికీ కలిపి రేటు తగ్గిస్తాడు. శ్రద్ధగా ఆరబెట్టినావిడకే అన్యాయం.

మన తీరంలో ఈ సాగు పెంచాలనుకుంటే తాళ్లకూ తెప్పలకూ సబ్సిడీ ఇవ్వనీ, మంచిదే. కొనుగోలు కేంద్రంలో గడ్డను నొక్కి చూసే ఆ జెల్ బలం పరీక్ష కూడా పెట్టాలి. పల్లెల్లో పాలకేంద్రం వెన్న శాతం చూసి డబ్బు కడుతోందిగా! ప్రతి బస్తాకూ అక్కర్లేదు, లాటుకు ఒక నమూనా చాలు. కనీస ధర అప్పటికప్పుడు ఇచ్చి, ఫలితం వచ్చాక మిగతాది లెక్కగట్టవచ్చు. ఆ పరీక్ష చీటీ పెంచినవాళ్ల చేతికీ అందాలి. మా ల్యాబ్‌లో అది గేటు దాటేది కాదు.