మూలన కూర్చున్నవారికీ బొమ్మ కావాలి!

ఎదురుగా కూర్చుంటే కళ్లు తిప్పుకోనివ్వని రంగులు. నాలుగడుగులు పక్కకి జరిగితే వెలిసిపోయిన బొమ్మ. గోడకి అతుక్కునే టీవీలు వచ్చాక చాలా ఇళ్లలో మొదలైన తంటా ఇది. లోపం చూసేవాళ్ల కంటిది కాదు... కూర్చున్న చోటుది!

శ్రీరామనవమి అంటే ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు ఇళ్లన్నీ మధ్యాహ్నానికల్లా టీవీ ముందుకి చేరతాయి. మిథిలా స్టేడియంలో అభిజిత్ లగ్నాన సీతారాముల కల్యాణం. అక్కడికి వెళ్లలేనివాళ్లకి తెరమీది దర్శనమే దిక్కు. 2014లో చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. మ్యాపులో గీతలు మారాయిగానీ కల్యాణం కోసం టీవీ పెట్టే ఊళ్లు మాత్రం అవే.

ఆ కల్యాణంలో ఒక విశేషం ఉంది. మిగతాచోట్ల తలంబ్రాలు పసుపు పచ్చగా ఉంటే, భద్రాద్రి తలంబ్రాలు ఎర్రగా ఉంటాయి. అందులో గులాల్ కలపడం అక్కడి ఆనవాయితీ. టీవీకి ఎదురుగా సోఫాలో ఉన్న నాన్నకి ఆ ఎరుపు ఎరుపుగానే కనిపిస్తుంది. పులిహోర కలుపుతూ వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసే అమ్మకి అదే లేత గులాబీ రంగు. మూలన నవారు మంచం మీద ఉన్న నాయనమ్మకైతే... 'ఏందిరా, అంతా పొగ కమ్మినట్టుంది' అంటూ కళ్లజోడు తుడుచుకోవడమే సరిపోతుంది. పెద్దావిడ కదా, శుక్లాలేమో అనుకుంటారు ఇంట్లోవాళ్లు. కంటి పరీక్ష చేయించాల్సిందే, అందులో సందేహం లేదు. అయితే దానికంటే ముందు ఆవిణ్ని సోఫా మధ్యలో కూర్చోబెట్టి చూడాలి. పొగ విడిపోయిందంటే దోషం కంటిది కాదన్నమాట!

డబ్బా టీవీకి లేని రోగం

పాత డబ్బా టీవీకి ఈ బాధ లేదు. దాని గాజు లోపలివైపు పూసిన పదార్థం స్వయంగా మెరిసేది. మెరిసే వస్తువు నాలుగువైపులా ఒకేలా కనిపిస్తుంది, దీపంలాగా. అందుకే ఆ రోజుల్లో ఆదివారం సినిమాకి వీధి వీధంతా వచ్చి కూర్చున్నా, కిటికీ ఊచలు పట్టుకుని చూసినా రంగులు మారేవి కావు.

ఇంకా వెనక్కి వెళితే, 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఊరికో టీవీ... దాని ముందు ఊరంతా! హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది ఆ తర్వాతే, 1977లో. అప్పట్లో వెనక కూర్చున్నవాళ్లకి బొమ్మ చిన్నగా కనిపించేదేమోగానీ, పక్కన కూర్చున్నందుకు వెలిసిపోయేది కాదు.

పల్చటి టీవీ స్థలాన్ని మిగిల్చింది, కరెంటును ఆదా చేసింది. బదులుగా, ఎవరు ఎక్కడ కూర్చోవాలో తానే నిర్ణయించడం మొదలుపెట్టింది.

తడిక వెనక దీపం

ఏజెన్సీ పల్లెల్లో దొడ్డి చుట్టూ వెదురు తడిక కడతారు. దానికి ఎదురుగా నిలబడితే సందుల్లోంచి లోపలున్నది కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే ఆ సందులే మూసుకుపోయినట్టు ఉంటాయి. పల్చటి టీవీలో జరిగేదీ ఇంచుమించు ఇలాంటిదే. వెనక ఒక దీపం. ముందు కోట్లాది కణాలున్న ఒక పొర. ఆ కణాలు కదులుతూ ఎక్కడ ఎంత వెలుగు వదలాలో, ఎంత ఆపాలో చూసుకుంటాయి. వాటినే ద్రవ స్ఫటికాలు అంటారు. ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైనిట్జర్ 1888లో క్యారెట్ల నుంచి తీసిన ఒక పదార్థాన్ని వేడిచేస్తుండగా వీటి వింత గుణం బయటపడింది. ఆ గుణమే ఇప్పుడు ఇంటింటి గోడమీద బొమ్మలు చూపిస్తోంది.

మరి 'మాది ఎల్ఈడీ టీవీ కదా' అంటారా? పేరులో ఒక తిరకాసు ఉంది. మామూలు ఎల్ఈడీ టీవీలో ఎల్ఈడీ అన్నది వెనకనున్న దీపానికి మాత్రమే. ముందున్నది అదే పాత ఎల్‌సీడీ పొర. క్యూఎల్ఈడీ అని అమ్మేవాటిలోనూ అంతే. ఉత్సవాల్లో జనం కోసం ఆరుబయట కట్టే పెద్ద తెరల్లో మాత్రం ప్రతి చుక్కా నిజంగా వెలిగే ఎల్ఈడీ దీపమే. అందుకే అవి బాగా పక్కనున్నవాళ్లకీ చక్కగా కనిపిస్తాయి.

వరిచేనా... తిరగలా?

ఎల్‌సీడీ పొరల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది వీఏ. ఇందులో కణాలు వరి మొక్కల్లా గాజుకి నిటారుగా నిలబడి వెలుగుని ఆపుతాయి. కరెంటు తగిలితే ఒరుగుతాయి. గాలికి సగం ఒరిగిన చేను ఎదురుగా ఉన్నవాడికి ఒకలా, పక్క గట్టుమీది వాడికి మరోలా కనిపిస్తుంది కదా... ఇదీ అంతే. మధ్యలోనుంచి చూస్తే నలుపు కాటుకలా ఉంటుంది. 20, 30 డిగ్రీలు పక్కకి జరిగితే నలుపు బూడిదవుతుంది, ఎరుపు వెలిసిపోతుంది.

రెండోది ఐపీఎస్. 1996లో జపాన్ కంపెనీ హిటాచీ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఇందులో కణాలు ఒరగవు. తిరగలి రాయిలా గాజుకి సమాంతరంగా పడుకునే తిరుగుతాయి. తిరగలి ఏ వైపునుంచి చూసినా తిరగలే. అందుకే ఇందులో రంగులు పక్కనున్నవాళ్లకీ నిలబడతాయి. దీనికీ ఒక లోపం ఉంది. గదిలో దీపాలు ఆర్పి సినిమా చూస్తే నలుపు చిక్కగా ఉండదు. తెలుపు, నలుపుల మధ్య తేడా వీఏలో సుమారు 3000 నుంచి 5000 రెట్లు ఉంటే, ఐపీఎస్‌లో 1000 రెట్ల దగ్గరే ఆగుతుంది. కాబట్టి ఒక్కరో ఇద్దరో ఎదురుగా కూర్చుని చీకట్లో చూసే ఇంటికి వీఏ, కిటికీలు తెరిచిన హాల్లో ఇంటిల్లిపాదీ చూసే ఇంటికి ఐపీఎస్ నప్పుతాయి.

ఇవికాక టీఎన్ అనే పాత రకం కొన్ని చిన్న, చవక తెరల్లో కనిపిస్తుంది. దీన్ని కిందనుంచి చూస్తే బొమ్మ నల్లబడి, ఫొటో నెగెటివ్‌లా తిరగబడుతుంది. ఖరీదైన ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. కోణం ఇబ్బంది దాదాపు ఉండదు. కానీ ధర ఎక్కువ. పైగా రోజంతా ఒకే వార్తా ఛానల్ పెట్టే ఇళ్లలో, కదలకుండా ఉండే ఛానల్ గుర్తు తెరమీద మచ్చలా మిగిలిపోయే ప్రమాదముంది. పక్కనుంచీ బాగా కనిపించే ప్లాస్మా టీవీల తయారీని పెద్ద కంపెనీలు 2014 నాటికే ఆపేశాయి.

పెట్టెమీద 178 మాటేమిటి?

టీవీ పెట్టెమీద 'వ్యూయింగ్ యాంగిల్ 178 డిగ్రీలు' అని ఉంటుంది. అంటే ఒక్కోవైపు 89 డిగ్రీలు. ఇంచుమించు టీవీ ఉన్న గోడకే వీపు ఆనించి చూసినా కనిపిస్తుందన్నమాట! ఇది అబద్ధమా? కాదు. కొలత పద్ధతే వేరు. తెలుపు, నలుపుల తేడా పది రెట్లకి పడిపోయేదాకా 'కనిపిస్తున్నట్టే' అని లెక్క వేయడం ఈ పరిశ్రమలో మామూలు. ఎదురుగా 4000 రెట్లున్నది పక్కన పది రెట్లకి దిగజారినా ఆ లెక్కలో ఉత్తీర్ణతే! రంగులు ఎంత చెడ్డాయన్న ప్రశ్నే అందులో లేదు. అందుకే వీఏ పెట్టెమీదా 178 ఉంటుంది, ఐపీఎస్ పెట్టెమీదా అదే ఉంటుంది. ఈ అంకెను నమ్ముకుని టీవీ ఎంచుకోవడంలో అర్థం లేదు.

ఇంట్లో కోణం కొలవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. టీవీ నుంచి ముందుకి ఎన్ని అడుగులో, పక్కకీ అన్నే అడుగులైతే 45 డిగ్రీలు. పక్క దూరం అందులో సగమైతే సుమారు 27. టీవీకి 6 అడుగుల దూరంలో, 5 అడుగులు పక్కకి కూర్చున్నవాళ్లు 40 డిగ్రీల కోణంలో ఉన్నట్టు. అదే కుర్చీని 10 అడుగుల దూరానికి జరిపితే కోణం 27కి తగ్గుతుంది. గది ఎంత చిన్నదైతే పక్కవాళ్లకి అంత ఇబ్బంది.

చాపమీద కూర్చునే ఇంట్లో...

కోణం అంటే కుడి ఎడమలే కాదు, కింద మీదా కూడా. పిల్లలు లాగకుండా, సామాను తగలకుండా చాలా ఇళ్లలో టీవీని అటక కిందో, బీరువా ఎత్తునో బిగిస్తారు. చూసేవాళ్లేమో చాపమీద! టీవీ మధ్యభాగం నేలకి 6 అడుగుల ఎత్తులో ఉందనుకోండి. చాపమీద కూర్చున్నవాళ్ల కన్ను రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. 6 అడుగుల దూరంనుంచి చూస్తే అది 30 డిగ్రీల కోణం. మెడనొప్పి అదనం! అదే టీవీని మధ్యభాగం మూడున్నర అడుగుల ఎత్తుకి వచ్చేలా దించితే కోణం పది డిగ్రీల లోపే. దించడం కుదరకపోతే ముందుకి వంగే స్టాండు బిగించాలి. పూర్వం పటాల్ని గోడకి కాస్త ముందుకి వంచి తగిలించేవారు. ఉద్దేశం ఇదే.

పాఠం ఎవరికి కనిపించింది?

సినిమా వెలిసిపోతే పోయేదేమీ లేదు. పాఠం వెలిసిపోతేనే నష్టం. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో డీడీ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లో టీవీ లేని పిల్లల్ని పక్కింటికో, పంచాయతీ ఆఫీసుకో వెళ్లి చూడమన్నారు. కరెంటు కోతలు, అందని సిగ్నళ్ల గురించి అందరూ మాట్లాడారు. కానీ ఒకే టీవీ ముందు అరడజనుమంది చేరినప్పుడు చివర కూర్చున్నవాళ్లకి లెక్కల పాఠంలోని లేతరంగు అంకెలు కనిపించాయా అని ఆలోచించినవాళ్లు తక్కువ. చివరి చోటు సాధారణంగా ఎవరిది? ఆలస్యంగా వచ్చినవాళ్లది, పక్కింటినుంచి వచ్చినవాళ్లది, 'నువ్వు కాస్త జరుగు' అంటే మారుమాటాడకుండా జరిగేవాళ్లది.

2020, 2021 సంవత్సరాల్లో కల్యాణమూ భక్తులు లేకుండానే జరిగింది. ఆ రెండేళ్లూ టీవీలో చూసిందే దర్శనం. అప్పుడు కూడా మూలనున్నవాళ్లకి ఎర్రటి తలంబ్రాలు ఎర్రగా కనిపించి ఉండకపోవచ్చు.

బడులు తెరుచుకున్నా సమస్య పోలేదు. ఇప్పుడు చాలా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో నల్లబల్ల పక్కన డిజిటల్ తెరలు వెలిశాయి. తరగతి గదిలో మొదటి బెంచీ చివర కూర్చున్న పిల్లలే అందరికంటే ఎక్కువ కోణంలో ఉంటారు. వెనక బెంచీవాళ్లకి కోణం తక్కువ, దూరం ఎక్కువ. కిటికీ వెలుగు తెరమీద పడి మెరవడం వేరే ఇబ్బంది. రెంటినీ విడదీసి చూడటం తేలికే. తెర ఆపేయాలి. అందులో కిటికీ బొమ్మ కనిపిస్తే అది మెరుపు సమస్య, తెర (కర్టెన్) వేస్తే పోతుంది. కర్టెన్ వేసినా రంగు వెలిసిందంటే అది కోణం సమస్య. అప్పుడు బెంచీలు జరపాలి, వారానికోసారి పిల్లల చోట్లు మార్చాలి. పైసా ఖర్చు లేని పని!

కొనేముందు... కొన్నాక

* షాపులో అమ్మకందారు ఎదురుగా నిలబెట్టే చూపిస్తాడు. మీరు పక్కకి నడవండి. మనుషుల ముఖాలు, నల్లటి జుట్టు ఉన్న దృశ్యం పెట్టించి అడుగడుక్కీ గమనించండి. ముఖం ఎక్కడ పాలిపోతుందో అక్కడితో ఆ టీవీ హద్దు అయిపోయినట్టే.

* చాపమీద చూసే అలవాటుంటే మొహమాటపడకుండా మోకాళ్లమీద కూర్చుని చూడండి.

* షాపులో వెలుగు, రంగులు బాగా పెంచి ఉంచుతారు. ఇంట్లో వాడే మామూలు సెట్టింగులోకి మార్చమని అడగండి.

* పొర వీఏనా, ఐపీఎస్సా అని అడగండి. ఒకే మోడల్లో 43 అంగుళాలకి ఒక రకం, 55 అంగుళాలకి మరో రకం వేయడం మామూలే. కాబట్టి కొనే సైజు గురించే అడగాలి.

* ఇప్పటికే వీఏ టీవీ ఉంటే బాధపడాల్సిన పనిలేదు. పక్కకి తిరిగే స్టాండు ఒకటి బిగిస్తే చాలు. అవసరాన్నిబట్టి వంటింటివైపో, మంచంవైపో తిప్పుకోవచ్చు.

* సెట్టింగుల్లో రంగు పెంచి పక్కవాళ్లకి సరిచేద్దామనుకుంటే ఎదురుగా ఉన్నవాళ్లకి చెడుతుంది. కోణాన్ని రిమోట్ సరిచేయలేదు.

టీవీ కొనడానికి వెళ్లినప్పుడు అందరూ అడిగేది 'ఎన్ని అంగుళాలు?' అనే. గోడ కొలత తీసుకుంటారు, ధర బేరమాడతారు. కానీ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరు నిలబడి చూస్తారో లెక్క వేసుకునేవాళ్లు అరుదు. ఆ లెక్క కోసం షాపుకి వెళ్లనక్కర్లేదు. ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలో అయిదు నిమిషాలు నిలబడి టీవీ చూస్తే చాలు!