సెలవులు కుదిరాయి... రోజులు కుదిరాయా?

పెళ్లయి రెండేళ్లయినా కోడలు నెల తప్పకపోతే అత్తారింట్లో గొణుగుడు మొదలవుతుంది. మూడో ఏడు వచ్చేసరికి 'లోపం ఆ పిల్లలోనే ఉంది' అన్న తీర్పూ వచ్చేస్తుంది. ఆ రెండేళ్లలో ఆలూమగలు కలిసున్న రోజులెన్నో మాత్రం ఎవరూ లెక్కవేయరు. బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో వేయాల్సింది ముందు ఆ లెక్కే. వానలు మొహం చాటేసే నేల కావడంతో భార్యను ఇంటి దగ్గర ఉంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో పనికి వెళ్లే మగవాళ్లు ఇక్కడ ఉన్నారు. సంక్రాంతికో ఉగాదికో వచ్చి, నాలుగు రోజులుండి మళ్లీ బస్సెక్కుతారు.

గర్భం రావడానికి నెలలో అన్ని రోజులూ అనువైనవి కావు. విడుదలైన అండం బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో 5 రోజుల దాకా బతకగలవు. అందుకే అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు 5 రోజులు... మొత్తం 6 రోజులే కీలకం. అమెరికాలో 221 మంది మహిళలపై జరిపి 1995లో ప్రచురించిన అధ్యయనంలో గర్భాలన్నీ ఈ 6 రోజుల కలయికతోనే వచ్చాయని తేలింది.

ఆ రోజులెప్పుడంటే చాలామంది '14వ రోజు' అని ఠక్కున చెబుతారు. అది 28 రోజులకోసారి నెలసరి వచ్చేవారి మాట. లెక్క వేయాల్సింది వెనక నుంచి. రాబోయే నెలసరికి దాదాపు రెండు వారాల ముందు అండం విడుదలవుతుందని 1920ల్లో జపాన్ వైద్యుడు ఒగినో, ఆస్ట్రియా వైద్యుడు క్నాస్ ఎవరికి వారు గుర్తించారు. రెండు మూడు రోజులు అటూ ఇటూ కావచ్చు. 24 రోజులకే నెలసరి వచ్చే స్త్రీకి అది 10వ రోజు దగ్గర, 35 రోజులకు వచ్చే స్త్రీకి 21వ రోజు దగ్గర. ఈ రెండో ఆమె భర్త 12వ రోజున వచ్చి 15వ రోజున వెళ్లిపోయాడనుకుందాం. పండగ బాగానే జరుగుతుంది, అసలు రోజులు మర్నాటి నుంచి మొదలవుతాయి!

ఒకటో రోజంటే రక్తస్రావం మొదలైన రోజు. నాలుగో రోజు తలస్నానం నుంచి లెక్కపెడితే అక్కడే 3 రోజులు తేడా వస్తుంది. గోడ క్యాలెండర్ మీద ఆర్నెల్లు గుర్తు పెట్టుకుంటే చాలు. ఫోన్‌లోని యాప్‌లు చేసేదీ చాలావరకు ఇదే అంచనా.

ఒళ్లు కూడా కబురు చెబుతుంది. అండం విడుదలకు ముందు రోజుల్లో యోనిస్రావం పచ్చి గుడ్డు తెల్లసొనలా పలచగా, జిగురుగా సాగుతుంది. దీన్ని తెల్లబట్ట జబ్బు అనుకుని కంగారు పడనక్కర్లేదు. దుర్వాసన, దురద ఉంటే మాత్రం డాక్టరుకు చూపించుకోవాలి. మందుల షాపుల్లో దొరికే మూత్ర పరీక్ష కిట్ సుమారు 24 నుంచి 36 గంటల ముందు సూచన ఇస్తుంది. బెంగళూరులో ఉన్న భర్తకు రాత్రి బస్సు ఎక్కేంత వ్యవధి అన్నమాట. ఉదయాన్నే జ్వరం చూసుకునే పద్ధతి ఇలాంటి వారికి ఉపయోగపడదు. ఒంటి వేడి పెరిగేది అండం విడుదలయ్యాకే.

నెలసరి 21 రోజులలోపే వస్తున్నా, 35 రోజులు దాటుతున్నా థైరాయిడ్, పీసీఓఎస్ వంటివి ఉన్నాయేమో చూడాలి. ఇలాంటివారు ఆగకుండా మార్కాపురంలోనో ఒంగోలులోనో గైనకాలజిస్టును కలవడం మంచిది. మిగతావారు ఏడాది ప్రయత్నించాక, 35 ఏళ్లు దాటితే ఆర్నెల్లకే వెళ్లాలి. ఏడాదంటే కలిసి కాపురం చేసిన ఏడాది. పండక్కీ పండక్కీ మధ్య గడిచిన ఏడాది కాదు.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణమూ ఉంటుంది. భార్యను ఆసుపత్రుల చుట్టూ తిప్పేముందే భర్తకు వీర్య పరీక్ష చేయించాలి. అది తేలిక, ఖర్చూ తక్కువ. నమూనా ఇచ్చే ముందు 2 నుంచి 7 రోజులు కలయికకు దూరంగా ఉండాలి కాబట్టి, ఊరికి వచ్చాక ఆ విలువైన రోజులు దానికి పోగొట్టుకోకుండా, పనిచేసే నగరంలోనే బయల్దేరే ముందు చేయించుకుని రిపోర్టు చేతపట్టుకుని రావచ్చు.