మద్యం మానాలనుకునేవారి సమావేశానికి వెళ్ళవచ్చునా?

గత నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి గుంటూరు జిల్లాకు చెందిన ఒక సోదరి వ్రాసినది. ఆమె భర్త లారీ మెకానిక్. పదకొండేళ్ళుగా తాగుతున్నారు. ఇప్పుడు మానాలని ఆయనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళారు. వైద్యులు మందులు వ్రాసి, వాటితో పాటు మద్యం మానినవారి సమావేశానికి క్రమం తప్పక వెళ్ళమన్నారు. అది చర్చి ఆవరణలోని ఒక బడి గదిలో జరుగుతుంది. అక్కడికి వెళితే ఇంటి పరువు ఏమవుతుందని, తాగేవాడినని నలుగురిలో చెప్పుకోవడం పాపం కాదా అని అత్తగారు అడ్డు చెబుతున్నారట. ఏమి చేయాలని ఆ సోదరి ప్రశ్న.

పరువు సంగతి ముందు చూద్దాం. తాగి వస్తున్న విషయం వీధిలో అందరికీ తెలిసే ఉంటుంది. తెలియనట్లు మసలుకునేది ఇంటివారే. మద్యం హరామ్ అని మన ఇండ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. హరామ్ గనుక మన ఇంటి గడప తొక్కదని నమ్ముతాము, తొక్కినప్పుడు దాచిపెడతాము. దాచినన్నాళ్ళూ చికిత్స మొదలుకాదు.

అత్తగారి రెండవ మాటను మాత్రం తేలికగా తీసివేయలేము. రాత్రి చేసిన పాపాన్ని అల్లాహ్ కప్పి ఉంచితే, తెల్లవారాక తానే చాటుకునే మనిషిని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) గట్టిగా హెచ్చరించారు. ఆ హదీసు బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. అయితే ఆ హెచ్చరిక సిగ్గు విడిచి చెప్పుకునేవానికి. ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహి అలైహ్) తమ ‘అల్ అజ్కార్’ గ్రంథంలో ఈ భేదాన్ని విడమరచి చెప్పారు. పాపాన్ని ఇతరులతో చెప్పుకోవడం అయిష్టకరమే. కాని దాని నుండి బయటపడే మార్గం చూపగలరన్న ఆశతో గురువుకో, అటువంటివారికో చెబితే దోషం లేదు, పైగా అది మంచిదే. తాము తాగి, మాని, ఆ దారి నడిచి వచ్చినవారు ‘అటువంటివారి’లోకి వస్తారని మా అభిప్రాయం. మద్యం చేతులు వణికించే తెల్లవారుజాము ఎలా ఉంటుందో మాకంటే వారికే బాగా తెలుసు.

ఈ బృందాలలో ప్రసిద్ధమైనది ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఒక షేర్ల వ్యాపారి, ఒక శస్త్రవైద్యుడు, ఇద్దరూ తాగుడుకు బానిసలైనవారే, ఒకరికొకరు ఆసరాగా నిలిచి దీనిని మొదలుపెట్టారు. మన దేశంలో 1957 నుండి ఉంది. అనానిమస్ అంటే పేరు బయటపెట్టనివారు. రుసుము లేదు, హాజరు పట్టిక లేదు. మానాలన్న కోరిక తప్ప మరే అర్హతా అడగరు. ఒకరు తన కథ చెబుతుంటే మిగతావారు వింటారు. మొదటి రోజు ఏమీ మాట్లాడకుండా కూర్చుని వచ్చినా ఎవరూ ఏమీ అనరు. కొన్ని సమావేశాలు మానాలనుకునేవారికి మాత్రమే, కొన్నింటికి ఇంటివారు కూడా వెళ్ళవచ్చు. తాగేవారి భార్యలకు, తల్లిదండ్రులకు, పిల్లలకు అల్ అనాన్ అనే వేరే బృందాలు ఉన్నాయి. మాకు వ్రాసిన సోదరి వాటి గురించి కూడా విచారించాలి.

చర్చి ఆవరణ అన్న బెరుకు కూడా అనవసరం. వారు వాడుకునేది గది మాత్రమే. ఈ సంస్థ ఏ మతానికీ చెందినది కాదు. సమావేశాలలో దైవాన్ని వేడుకోవడం ఉంటుంది, అక్కడ ముస్లిం అల్లాహ్‌నే వేడుకుంటాడు. మన విశ్వాసానికి సరిపడని మాట ఏదైనా వినబడితే మౌనంగా ఉండవచ్చు.

దగ్గరలో బృందం ఎక్కడ ఉందో తెలియనివారు ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలో అడగాలి. మత్తు విడిపించేందుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సహాయం 14446. ఏ భాషలో మాట్లాడుకుంటారో, ఏ వేళకో ముందే కనుక్కోవడం మంచిది. ఇషా తర్వాత జరిగేది దొరికితే మరీ మేలు. ఊరిలో లేకపోతే ఫోన్‌లో జరిగే సమావేశాలూ ఉన్నాయి.

రెండు ప్రమాదాలు చెప్పక తప్పదు. ఏళ్ళ తరబడి ఎక్కువగా తాగినవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. రంజాన్ నెలవంక కనబడిన రాత్రే మానేస్తానని ఒట్టు పెట్టుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. సంకల్పం గొప్పదే, ముందుగా వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. ఇక, భర్తకు తెలియకుండా అన్నంలో కలపమని కొందరు అమ్మే మందులు. వాటిలో ఏమున్నదో ఇల్లాలికి తెలియదు. డైసల్ఫిరామ్ వంటిది ఉండి, ఆయన ఆ పూట తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు.

మానినవారు మళ్ళీ ఒకనాడు జారిపోవడమూ జరుగుతుంది. అప్పుడు ఇంట్లోవారు ఏమంటారన్నది చాలా ముఖ్యం. దైవప్రవక్త (స) కాలంలో అబ్దుల్లాహ్ అనే ఒక సహాబీ ఉండేవారు. తమ మాటలతో ప్రవక్తను నవ్విస్తుండేవారు. తాగినందుకు ఆయనను పలుమార్లు పట్టుకొచ్చారు. ఒకసారి అక్కడున్న వ్యక్తి, ఎన్నిసార్లు తేవాలి ఇతన్ని అంటూ శపించాడు. ప్రవక్త వారించారు. అబ్దుల్లాహ్ హృదయంలో అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉన్నదని సాక్ష్యమిచ్చారు. ఇది బుఖారీలోని హదీసు. శిక్ష తప్పలేదు, నిజమే. కాని ఆయనను ఎవరూ వెలివేయలేదు. మన ఇండ్లలో దీనికి తలకిందులుగా జరుగుతున్నది. చికిత్సకు పంపరు, శాపనార్థాలు మాత్రం పెడతారు.

మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక మనవి. ఈ బృందాలు గది అద్దెను తమ సభ్యుల చందాలతో తామే చెల్లించుకుంటాయి, మన బైతుల్‌మాల్‌ను ఆశించవు. పిల్లల సబఖు ముగిశాక అనేక ఊళ్ళలో మదరసా గదులు రాత్రంతా తాళం వేసి ఉంటాయి. వారానికి ఒక రాత్రి ఒక గది ఇవ్వగలిగితే, వచ్చేవారిలో ముస్లింలు ఎందరో, కానివారు ఎందరో లెక్క చూడవద్దు. తలుపు దగ్గర నిలబడి ఎవరు వస్తున్నారో చూడటానికి కూడా ఎవరినీ పెట్టవద్దు.