తల్లిపేరు

విశాఖలో నుండు మనము గుఱ్ఱపుపందెముల వార్త పత్రికలో కానవచ్చినచో పుట త్రిప్పివేయుదుము. కాని అందును మనము గ్రహింపదగిన విషయమొకటి కలదు.

1943లో బొంబాయిలో జరిగిన మొదటి ఇండియన్ డెర్బీని బరోడా మహారాజుగారి ‘ప్రిన్సెస్ బ్యూటిఫుల్’ అను ఆడుగుఱ్ఱము మగగుఱ్ఱములను మించి పరుగెత్తి గెలిచినది. ఇట్టి మేలుజాతి ఆడుగుఱ్ఱము పందెములు మానిన పిమ్మట తల్లియై వంశము నిలుపును. అది పదునొకండు నెలలు మోసి ఏటికొక్క పిల్లనే కనును. మగగుఱ్ఱమునకు ఏటికి నూరైనను కలుగవచ్చును. కావుననే ఒక తండ్రి పిల్లలను తోబుట్టువులనరు. ఒక తల్లి పిల్లలనే అందురు. ఈ జాతి వంశములకు సంఖ్యలు పెట్టిన బ్రూస్ లో అను ఆస్ట్రేలియావాసియు మూలమాతలనుండియే లెక్కించెను.

మన యిండ్ల వంశవృక్షములలో మాత్రము తల్లుల పేర్లు కానరావు. మేము కోరునది స్వల్పము: ఈ నెలలో మీ అమ్మమ్మ పేరును, ఆమె తల్లి పేరును అడిగి వ్రాసి, మీ కూతుండ్రకును కొడుకులకును నేర్పుడు.