కుదరదని చెప్పలేనివాడు కన్సల్టెంటెందుకు?

ఈఆర్పీ ప్రాజెక్టు బోర్లాపడిన ప్రతిసారీ మనవాళ్ళు రెండు మాటలంటారు. ఒకటి, "క్లయింటుకే ఏం కావాలో తెలీదు". రెండోది, "అమీర్‌పేటలో మూణ్ణెల్లు నేర్చుకుని దొంగ ఎక్స్‌పీరియన్స్‌తో వచ్చినవాళ్ళ వల్లే ఇదంతా". రెండింట్లోనూ కొంత నిజముంది, కాదనను. కానీ నా మటుకు నాకు అసలు రోగం వేరే అనిపిస్తుంది. "ఇది కుదరదండీ" అనాల్సిన చోట కన్సల్టెంటు నోరు విప్పడు.

లిడ్ల్ సంగతే చూడండి. జర్మనీ సూపర్‌మార్కెట్ల సంస్థ. 2011లో పాత సరుకుల సిస్టమ్ తీసేసి శాప్ పెట్టుకుందామనుకున్నారు. ప్రాజెక్టు పేరు ఎల్విస్ (పేరు పెట్టడంలో మాత్రం ఏ లోటూ చెయ్యలేదు). లిడ్ల్ తన స్టాకు విలువని కొన్న ధరతో లెక్కేస్తుంది, ఆ ప్యాకేజీ మామూలుగా అమ్మే ధరతో లెక్కేస్తుంది. మా పద్ధతి మారదు, సాఫ్ట్‌వేరే మారాలి అన్నారట. సరేనన్నారు. స్టాకు విలువంటే స్క్రీన్ మీద ఒక ఫీల్డు కాదు కదా! మార్జిన్లు, రిపోర్టులు అన్నీ దాని మీదే నిలబడతాయి. ఇల్లు కట్టాక పునాది మార్చడమన్నమాట. 2018లో, దాదాపు 50 కోట్ల యూరోలు పోశాక, ప్రాజెక్టు మూసేసి పాత సిస్టమ్‌కే వెళ్ళిపోయారు.

కాదంటే కాంట్రాక్టు పోతుంది కదా అంటారేమో. పోనివ్వండి. కెనడా ప్రభుత్వ ఉద్యోగుల జీతాల కోసం ఫీనిక్స్ అని ఒక సిస్టమ్ కట్టారు. 80,000కి పైగా జీతాల రూల్స్. 2012లో ఐబీఎం 27.4 కోట్ల డాలర్లవుతుందని చెప్పింది, ప్రభుత్వం బడ్జెట్ చూస్తే 15.5 కోట్లు. దాంతో అధికారులు పాత బకాయిల లెక్కలాంటి ముఖ్యమైన పనులే కోసేశారు. పైలట్ రద్దు చేశారు. జీతాల పని తెలిసిన గుమాస్తాలను ముందే ఇంటికి పంపారు. 2016లో గో-లైవ్. కొందరికి జీతమే రాలేదు, కొందరికి ఎక్కువొచ్చి తిరిగి కట్టాల్సొచ్చింది. తప్పు అధికారులదేనని 2018లో ఆడిటర్ జనరల్ తేల్చారు. అంచనా నిజాయితీగానే ఇచ్చారు, ఒప్పుకుంటాను. కానీ సగం డబ్బులకి సగం గుండె ఆపరేషన్ చెయ్యమంటే ఏ డాక్టరైనా కత్తి పడతాడా?

ఎందుకు కాదనరో మనకి తెలీనిదా! బిల్లింగ్ గంటల లెక్కన. కస్టమైజేషన్ అంటే చేంజ్ రిక్వెస్ట్, చేంజ్ రిక్వెస్ట్ అంటే డబ్బులు. "ఇది స్టాండర్డ్‌లోనే ఉంది, వాడుకోండి" అన్నవాడు తన పొట్ట తనే కొట్టుకున్నట్టు. ఆఫ్‌షోర్‌లో నాకొచ్చే స్పెక్కుల్లో, స్టాండర్డ్ రిపోర్టు నిక్షేపంలా ఉండగా రాయమన్న జడ్ ప్రోగ్రాములు ఎన్నో. ఎందుకండీ అంటే "యూజర్ అడిగాడు" అంటారు. ఆ యూజరెవరో దేవుడికే తెలియాలి.

అన్నిటికీ అడ్డం తిరగమని కాదు నేననేది. స్టోర్స్‌లో ఇరవయ్యేళ్ళుగా ఉన్న గుమాస్తా "ఇలాగైతే లారీ గేటు దాటదు బాబూ" అంటే వినాలి. తమాషా ఏంటంటే, సరిగ్గా ఆయనకే "బెస్ట్ ప్రాక్టీస్" అని స్లైడు చూపించి నోరు మూయిస్తారు. వీపీ గారు పాత రిపోర్టులో రంగులే కావాలంటే మాత్రం మూడు వారాల ఎస్టిమేట్ రెడీ!

క్లయింట్లకి నాదొకటే సలహా, ఉచితంగానే ఇస్తున్నాను. ఫీజులో మూడో వంతు ఆపి, గో-లైవ్ అయిన ఏడాదికి ఇవ్వండి. ఎన్ని జడ్ ప్రోగ్రాములు "తప్పనిసరి"గా మిగుల్తాయో అప్పుడు చూద్దాం.