గరిక కోయడానికి ఏ యంత్రం?

వినాయక చవితి నాలుగు రోజులుందనగా టెక్సాసునుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. డల్లాసు పొలిమేరలో ఇల్లు కొన్నాడు. ఇంటిముందు కొంత, వెనుక కొంత పచ్చిక ఉన్నదట. "మామా, గడ్డి కోసే మిషన్ కొనాల. గ్యాసుది తీసుకునేదా, బ్యాటరీది తీసుకునేదా, చేత్తో తోసేదే చాలునా?" అన్నాడు. గ్యాసుదంటే వంటింటి సిలిండరును బండిమీద పెట్టుకొని తోసుకుంటూ తిరగాలేమో అనుకొని అదే అడిగాను. అక్కడ పెట్రోలునే గ్యాసంటారని చెప్పి చాలాసేపు నవ్వాడు.

నవ్వితే నవ్వాడు గాని, ఊరికే అడగలేదు. ఆ వారమే నేను కూడా చేని గెనిమల (మీ వైపు గట్లంటారు) మీది గడ్డికి యంత్రం కొందామని ఉరవకొండలోనూ బళ్ళారిలోనూ వాకబు చేస్తున్నాను. ఆ సంగతి వాళ్ళమ్మ వాడికి చేరవేసింది. విడపనకల్లులో గడ్డి కోసే యంత్రమేమిటని మీకు అనుమానం రావచ్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లా మాది, అదీ కురిసిన ఏట. కాని శ్రావణంలో రెండు పదునులు పడ్డాయంటే నల్లరేగడి గెనిమలు ఒక నెలపాటు కోనసీమను మరిపిస్తాయి. ఆ నెల గడిచాక మళ్ళీ మా మొగమే మాది.

"అక్కడిది ఏం గడ్డిరా?" అన్నాను. బెర్ముడా అన్నాడు. బొమ్మ పంపమన్నాను. చూద్దును గదా, గరిక! మనం చవితినాడు దూర్వాయుగ్మమని విఘ్నేశ్వరుడికి సమర్పించే గరికే. పేరుకు బెర్ముడా అయినా పుట్టిల్లు ఆ దీవి కాదు. మా తాతల కాలంలో నల్లరేగడిలో గరిక పడిందంటే ఇంట్లో అన్నం సహించేది కాదు. నాలుగైదు జతల ఎద్దులను పూన్చి పెద్ద మడకతో లోతుగా దున్నించేవారు. మడక అందనిచోట గడ్డపారలతో తవ్వించి, వేళ్ళను ఏరి ఎండలో కాల్చేవారు. వ్రేలెడు ముక్క మిగిలినా మరుసటి ఏడాదికి మళ్ళీ చేనంతా అల్లుకొనేది. ఆ గరికకే మా వాడు ఎరువు వేసి, నీళ్ళు పెట్టి, పెరిగిందని కోసి, కోసినదాన్ని సంచుల్లో నింపి చెత్తబండికి వేస్తున్నాడు. 2005లో నాసా పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో కట్టిన లెక్క ప్రకారం అమెరికాలో పచ్చిక దాదాపు 1,28,000 చదరపు కిలోమీటర్లు. మా ఉమ్మడి అనంతపురం వంటి జిల్లాలు ఆరు పట్టేంత నేల. అందులో ఒక్క పశువూ మేయదు. వాడిని వెక్కిరించడానికి ఈ మాట అనడం లేదు. పెరగనిచ్చి పన్నెండు అంగుళాలు దాటితే డల్లాసులో నోటీసు వస్తుంది. కాబట్టి కోయక తప్పదు. ఏ యంత్రంతో కోయాలన్నదే ప్రశ్న.

చేత్తో తోసే యంత్రం చరిత్ర నాకు మొదటినుంచీ ఇష్టం. ఇంగ్లండులో స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన 1830లో దానికి పేటెంటు పొందాడు. ఉన్నిబట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని మిల్లులో చూసి, నేలమీది పచ్చికను కూడా ఇలాగే కత్తిరించవచ్చుగదా అనుకున్నాడట. గుండ్రంగా తిరిగే కత్తులు అడుగునున్న కదలని కత్తికి ఒరుసుకొని, గడ్డిని కత్తెరలా తెంచుతాయి. తరువాత గుర్రాలు లాగే పెద్ద యంత్రాలు వచ్చాయి. డెక్కల గుర్తులు పచ్చికమీద పడకుండా ఆ గుర్రాలకు తోలు జోళ్ళు తొడిగేవారు. మా ఎద్దులకు లాడాలు కొట్టించడానికే డబ్బులు చూసుకొనేవాళ్ళం!

పెట్రోలు యంత్రం పద్ధతి వేరు. అడుగున ఒకే బద్ద గిరగిర తిరుగుతూ గడ్డిని కొట్టి తెంపుతుంది. బద్ద మొద్దుబారితే కొసలు చీలి, మరునాటికి ఎండినట్టు కనబడతాయి. బ్యాటరీదీ చాలావరకు ఇదే తీరు. తేడా అంతా పొగలోనూ చప్పుడులోనూ ఉంది. కాలిఫోర్నియా వాయువనరుల మండలి లెక్క ఒకటున్నది. కూలికి పచ్చిక కోసేవారు ఎక్కువగా కొనే పెట్రోలు యంత్రం ఒక గంట నడిస్తే, గాలిలో పొగమంచును కలిగించే కాలుష్యం 2017 నాటి కామ్రీ కారు మూడు వందల మైళ్ళు తిరిగినంతట. అందుకే ఆ రాష్ట్రం 2021లో చట్టం చేసి, 2024నుంచి ఇటువంటి కొత్త చిన్న పెట్రోలు యంత్రాల అమ్మకానికి స్వస్తి చెప్పించింది. టెక్సాసులో ఆ నిర్బంధం లేదు. కాని శీతకాలమంతా ట్యాంకులో నిలవున్న పెట్రోలు జిగురై కార్బురేటరుకు పట్టుకుంటే వసంతంలో తాడు లాగి లాగి భుజం పట్టుకుంటుంది, నిర్బంధం ఉన్నా లేకున్నా.

నా అభిప్రాయం దాచలేదు. "నీది గరిక. దాన్ని పొట్టిగానే ఉంచాలి గనుక చేత్తో తోసేదే దానికి శ్రేష్ఠం. ఒకటే షరతు. నాలుగైదు రోజులకొకసారి తోయాల. పది రోజులు మరచినావంటే కత్తులు గడ్డిమీద ఎక్కి జారిపోతాయి, తెగదు. అంత ఓపిక లేదనుకుంటే బ్యాటరీది కొను. పెట్రోలు జోలికి పోవద్దు. ఇంకొకటి, కోసిన గడ్డి అక్కడే వదిలెయ్యి, ఆ నేలకే సత్తువ" అన్నాను. సరే మామా అన్నాడు. మనవాళ్ళు సరే అన్నంత మాత్రాన చేస్తారని కాదు.

ఇక నా సంగతి. మా వైపు దొరికేది భుజానికి తగిలించుకొని కోసే యంత్రం. పెట్రోలులో నూనె కలిపి పోసే రకం, నూనె విడిగా పోసే రకం, బ్యాటరీ రకం ఉన్నాయి. కరెంటు తీగ రకం కూడా చూపించారు. 2004నుంచి మా రైతులకు ఉచిత విద్యుత్తు ఉన్న మాట నిజమే గాని అది పంపుసెట్టుకు. గెనిమ పొడవునా తీగ లాక్కొని నడవగలమా? బ్యాటరీది చప్పుడు లేకుండా ముచ్చటగా ఉంది. బ్యాటరీ పోతే కొత్తదాని వెల వినేసరికి ముచ్చట తీరిపోయింది. మిగిలింది పెట్రోలు. లీటరు నూరు రూపాయలు దాటిన పెట్రోలు పోసి గడ్డి కోయడం మా నాయనకు తెలిస్తే ఏమనేవారో!

కొనేముందు చూద్దామని తెలిసినవారి దగ్గర ఒక పూట ఎరువు తెచ్చాను. నైలాను తీగ తిరిగే రకం. పావుగంటలో గెనిమ సగం శుభ్రమైంది, అబద్ధమెందుకు. కాని చిన్న రాళ్ళు ఎగిరి మోకాళ్ళకు తగిలాయి. గడ్డి నలిగి, మట్టితో కలిసి, తీగ తునకలతో సహా చెల్లాచెదురైంది. ఒక బుట్టెడు ఏరి ఎద్దుల ముందు పోస్తే మూతి పెట్టి, పెట్రోలు వాసనకేమో, తల తిప్పుకున్నాయి. చివరన వయ్యారిభామ మొక్కలు గుబురుగా ఉంటే వాటినీ కొట్టాను. 1950లలో పుణేలో తొలిసారి కనబడి దేశమంతా పాకిన పిచ్చిమొక్క అది. దాని రసం చేతులమీద చిమ్మి వారం రోజులు దురద. వాన పడ్డాక, పూతకు రాకముందు, చేతికి గుడ్డ చుట్టుకొని వేళ్ళతో పెరకడమే దానికి మందని మా ఇంటావిడ ముందే చెప్పింది. విన్నానా!

ఇంతలో మా గెనిమమీద రోజూ గడ్డి కోసుకొనే ఆమె వచ్చింది. సెంటు భూమి లేదు. ఒక ఎనుము ఉంది. ఏళ్ళుగా మా గెనిమలమీది గరిక ఆమెదే. నేను ఆమెకు కూలి ఇవ్వను, ఆమె నాకు వెల ఇవ్వదు. గెనిమ శుభ్రమవుతుంది, ఎనుముకు కడుపు నిండుతుంది, ఆ పాలమీద వాళ్ళ సంసారం నడుస్తుంది. కక్కు కొట్టించిన కొడవలి, ఒక తాడు, నెత్తిమీద మోపు, అంతే ఆమె సరంజామా. చెల్లాచెదురైన గడ్డిని కాసేపు చూసి, "అన్నా, నువ్వు ఈ మిషన్ కొంటే నా ఎనుము ఏమి తినల్ల?" అంది.

నాకు సమాధానం తోచలేదు. పెట్రోలు ఖర్చు, మరమ్మతులు, బ్యాటరీ వెల అన్నీ కాగితంమీద వేసుకున్నాను. ఆ ఎనుమును ఎక్కడా వేసుకోలేదు. మా మేనల్లుడి పచ్చికలో కోత పూర్తయితే పని పూర్తయినట్టే. మా గెనిమమీద కోతతో పని మొదలవుతుంది. ఆ గడ్డి నిలువునా, శుభ్రంగా, మోపు కట్టడానికి వీలుగా తెగాలి. ఆ పని కొడవలి చేసినంత బాగా ఏ యంత్రమూ చేయదని నా నిశ్చితాభిప్రాయం. 2002 కరవు చూసినవారికి గడ్డి విలువ నేను చెప్పనక్కరలేదు. అప్పుడు ఎద్దులను తోలుకొని సంతకు పోయిన రైతులు గడ్డి లేకనే పోయారు.

అయితే కొడవలి గొప్పదని ఇంట్లో కుర్చీలో కూర్చొని వ్రాయడం సులభం. వంగేది నేను కాదు. ఆ మాటే ఆమెతో అన్నాను, "నడుము నొయ్యదా?" అని. "నొస్తాది. గడ్డికి నొచ్చేది తక్కువే అన్నా. మిషన్ కొనల్లంటే సొప్ప కత్తరించేది కొను" అంది. ఎండాకాలంలో జొన్నచొప్ప అలాగే వేస్తే పశువులు ఆకు తిని దంటు వదిలేస్తాయి. ముక్కలు చేస్తే దంటు కూడా తింటాయి. చక్రం త్రిప్పే చేతి యంత్రానికి ఇద్దరు కావాలి, ఒకరు త్రిప్పాలి, ఒకరు అందించాలి. ఆమె ఒక్కతే. ఇక్కడ మాత్రం కరెంటుదే న్యాయం. దొడ్లో ఒకచోట నిలిచి ఉండే యంత్రం, తీగ లాగే బెడద లేదు. భయమల్లా చేతుల గురించే. చొప్ప అందిస్తూ ఏమరితే వ్రేళ్ళు దక్కవు. పొడుగాటి మూతి, ముందుకూ వెనక్కూ త్రిప్పే పిడి ఉన్నదైతేనే కొంటానని అంగట్లో చెప్పి వచ్చాను. సంక్రాంతిలోపు తెప్పిస్తామన్నారు. వస్తే మా దొడ్లోనే పెట్టి, ఆమె చొప్పా మా చొప్పా అక్కడే కత్తిరించుకోవాలని ఒప్పందం. బిల్లు నాది. మా ఇంటావిడకు ఇంకా చెప్పలేదు.

మొన్న మా మేనల్లుడు ఫోనులో బొమ్మ పంపాడు. చివరికి బ్యాటరీదే కొన్నాడు. కొత్త యంత్రం పక్కన గరిక కుక్కిన కాగితపు సంచులు ఆరు, వీధి అంచున వరుసగా. అక్కడే వదలమని నేను చెప్పినది గాలికి పోయింది. ఆ సమయానికి ఆమె మోపు దింపి నీళ్ళు త్రాగుతూ ఉంటే చూపించాను. ఫోనును దగ్గరికి తీసుకొని, కన్ను చికిలించి, ఒక్కొక్క సంచినీ లెక్కపెట్టింది.

"ఇంత గరిక వాకిట్లో పెట్టినాడే, ఆ ఊర్లో ఎవురూ ఎత్తుకపోరా అన్నా?"